అడగకుండా వచ్చిన ఉత్తరం

మా బాపు షోలాపూరులో ఒక చద్దర్ల కార్ఖానాలో గుమాస్తాగా ఉండేవాడు. ఏటా దసరాకు నెల ముందు పాత చిట్టా ఒకటి ముందు పెట్టుకుని, కొత్త రంగులు వచ్చాయనీ డజను ధర ఇంతనీ దుకాణదారులకు కార్డులు రాసేవాడు. హైదరాబాదు, గుల్బర్గా, హుబ్లీ, నాందేడు, విజయవాడ - ఎక్కడెక్కడికో పోయేవి ఆ కార్డులు. ఆ దుకాణదారుల్లో సగం మంది మాకు రాయమని అడిగినవారు కారు. రైలులో పరిచయమైనవారి దగ్గరో, ఇంకో వ్యాపారి నోటివెంటో పోగుచేసిన చిరునామాలవి. అడగకుండా ఉత్తరం రాయడం తప్పని బాపుకు తోచలేదు, అందుకున్నవారికీ తోచినట్టు లేదు. అయితే ఆయన ఒక పని మాత్రం తప్పక చేసేవాడు. వరుసగా రెండేళ్ళు జవాబు రాని పేరును ఎర్రసిరాతో కొట్టివేసేవాడు. ఎందుకు బాపూ అని అడిగితే, "పదిహేను పైసలు రా, ఊకెనే వస్తయా?" అనేవాడు.

ఆ పదిహేను పైసలు ఎంత పని చేసిపెడుతూ వచ్చాయో నాకు యాభై దాటిన తరువాత, ఒక వసూలు కాని అప్పు పుణ్యమా అని తెలిసింది.

ఉద్యోగరీత్యా ఊళ్ళు తిరిగి, మూడేళ్ళ క్రితం మళ్ళీ షోలాపూరుకే వచ్చాను. తూర్పు భాగంలో సాంచాలు నడిపే మనవాళ్ళ కుటుంబంలోని అమ్మాయి ఒకతె మా శాఖలో ముద్ర పథకం కింద నాలుగు లక్షలు తీసుకుంది. తండ్రి నేయించిన దుప్పట్లు, టర్కీ తువ్వాళ్ళు, గోడకు వేలాడదీసే బొమ్మల గుడ్డలు ఇంటర్నెట్టులో అమ్ముతుంది. కొనేవారు ఎక్కువగా పుణె, హైదరాబాదు, బెంగుళూరుల్లో ఉన్నవారు, అమెరికా కెనడాల్లో స్థిరపడిన తెలుగువారు. షోలాపూరు దుప్పటి అంటే మన ఇళ్ళలో ఉన్న అభిమానం సంగతి చెప్పేదేముంది! మొదటి ఏడాది కిస్తీలు గడియారంలా కట్టింది. రెండో ఏడు దసరా వెళ్ళాక రెండు కిస్తీలు ఆగిపోయాయి. పిలిపించి అడిగాను.

"పోయినేడు దసరాకు డెబ్బై ఆర్డర్లు వచ్చినయి కాకా. ఈ యేడు పదకొండు. సామాను అదే, ధర అదే. మెయిలు పోయిందనే చూపిస్తుంది గాని ఎవ్వరు చూస్తలేరు" అంది.

ఆ అమ్మాయి జాబితాలో నా పేరు కూడా ఉంది. నా సెల్లు తీసి చూశాను. రాలేదు. ఆమె చేయి చాచి, నేను ఎన్నడూ తెరవని స్పాము అరను తెరిచింది. అక్కడ ఉంది ఆమె దసరా ఉత్తరం. పైన ఎవరో విదేశీ వితంతువు తన ఆస్తి నాకు రాసిస్తానన్న జాబు, కింద మోకాళ్ళ నొప్పుల తైలం. మధ్యలో మా పూర్వీకుల దుప్పటి.

ఇదంతా ఎవరి నేరం అన్న ప్రశ్న అప్పటినుంచి నన్ను వదలలేదు. నేను బి.కాం. చదివినవాణ్ణి, తత్త్వశాస్త్రం నాకు రాదు. ఖర్చు ఎవరి ఖాతాలో పడిందో చూడడమే నాకు తెలిసిన విద్య. ఆ విద్యతోనే ఆలోచిస్తాను.

అడగని ఉత్తరాల కథ పాతదే. 1978 మే నెలలో అమెరికాలో ఒక కంప్యూటరు కంపెనీ ఉద్యోగి, ఇంటర్నెట్టుకు పూర్వరూపమైన ఆర్పానెట్టులో సుమారు నాలుగు వందల మందికి ఒకే ప్రకటన పంపాడు. చివాట్లు తిన్నాడు, కంపెనీ సరుకూ అమ్ముడుపోయిందట. 1994లో అరిజోనాలోని ఇద్దరు న్యాయవాదులు గ్రీన్‌కార్డు లాటరీకి దరఖాస్తు పెట్టిస్తామంటూ వేలాది చర్చాబృందాలలో ఒకే ప్రకటన గుప్పించారు. అక్కడినుంచి వరద. కారణం మా బాపు చిట్టాలోనే ఉంది. కార్డుకు తపాలా ఖర్చు రాసేవాడిది. ఈమెయిలుకు పంపేవాడి ఖర్చు సున్నకు దగ్గర, చదివేవాడి కాలం మాత్రం ఖర్చవుతుంది. పదిమందిలో ఒకడు కొంటాడని పదిమందికి రాసేవాడు ఒకప్పుడు వ్యాపారి. పది లక్షల్లో ఒకడు మోసపోతాడని పది లక్షల మందికి పంపేవాడు ఇప్పుడు పుట్టాడు. లోకంలో తిరిగే ఈమెయిళ్ళలో దాదాపు సగం ఇటువంటి చెత్తేనని, లెక్కలు కట్టే సంస్థలు ఈనాటికీ చెబుతున్నాయి.

కాబట్టి నిబంధనలు రావలసిందే. నా ఫిర్యాదు నిబంధన ఉన్నందుకు కాదు.

అమెరికా 2003 డిసెంబరులో చేసిన చట్టాన్ని కాన్-స్పామ్ చట్టం అంటారు. 2004 జనవరి 1 నుంచి అమలైంది. అది ముందుగా అనుమతి తీసుకోమనదు. శీర్షికలో అబద్ధమాడవద్దంటుంది, ఎవరు పంపారో దాచవద్దంటుంది, "ఇక పంపవద్దు" అనే దారి చూపించి, అలా చెప్పినవారి పేరు పది పనిదినాల్లో తీసేయమంటుంది. తప్పితే ఒక్కొక్క ఉత్తరానికి జరిమానా నేడు యాభై వేల డాలర్లు దాటి ఉంది. చదివితే ఇందులో తప్పుపట్టడానికి ఏమీ కనిపించదు. ఒక్క షరతు దగ్గర మాత్రం నేను ఆగాను. ప్రతి ఉత్తరం కింద పంపేవారి తపాలా చిరునామా ఉండాలి. కంపెనీకి ఆఫీసు ఉంటుంది, ఈ అమ్మాయికి ఉన్నది ఇల్లు. ముక్కూ మొహం తెలియని ఆరువందల మందికి ఒక ఆడపిల్ల తన ఇంటి చిరునామా పంచిపెట్టాలి. పోస్టుబాక్సు తీసుకోవచ్చునని చట్టమే అంటుంది, తీసుకుంది కూడా. అమెరికా సర్కారు షోలాపూరు పిల్లమీద దావా వేస్తుందని కాదు. ఉత్తరాలు పంపిపెట్టే సంస్థలు ఆ షరతులను తమ షరతులుగా పెట్టాయి, పాటించకపోతే ఖాతా మూసేస్తాయి.

కెనడా చట్టం ఇంకా కఠినం. 2014 జులై 1న అమలులోకి వచ్చింది. అక్కడ ముందు అనుమతి ఉండాలి, ఉందని రుజువు చేయవలసిన భారం పంపినవారిదే. సంస్థలకు జరిమానా కోటి డాలర్ల దాకా పోవచ్చు. క్యూబెక్ లోని కంప్యూ-ఫైండర్ అనే శిక్షణా సంస్థకు 2015లో పదకొండు లక్షల డాలర్లు వేసి, 2017లో రెండు లక్షలకు తగ్గించారు. సరుకు కొన్నవారు అనుమతి ఇచ్చినట్టే లెక్క, అయితే ఆ అనుమతి ఆయుష్షు రెండేళ్ళు. నాకు నవ్వు వచ్చింది. మా ఇంట్లో నా పెళ్ళినాటి షోలాపూరు దుప్పటి ఇంకా ఉంది. పదేళ్ళకు ఒకసారి కొనే వస్తువు అమ్మేవాడికి రెండేళ్ళ పరిచయంతో ఏం పని జరుగుతుంది? ప్రతివారం ఏదో ఒకటి అమ్మే పెద్ద దుకాణానికి మాత్రం ఆ గడువు ఎప్పటికప్పుడు కొత్తదవుతూనే ఉంటుంది. చట్టం చేసినవారికి ఈ ఉద్దేశం ఉందని అనను. సరుకు ఎంతకాలం మన్నితే అమ్మేవాడికి అంత నష్టం కావడం ఒక విచిత్రం, అంతే.

మన దేశంలో ఈమెయిలు చెత్తకని ప్రత్యేక చట్టం లేదు. ఐ.టి. చట్టంలోని 66ఏ సెక్షనులో విసిగించే ఈమెయిళ్ళ ప్రస్తావన ఉండేది. ఆ సెక్షను వేరే పనులకు వాడుకపడి, చివరకు 2015 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. సెల్లుకు వచ్చే సందేశాలకు మాత్రం ట్రాయ్ వారి 2018 నిబంధనలు ఉన్నాయి. పంపేవారు తమ పేరు, సందేశం నమూనా ముందే నమోదు చేసుకోవాలి. 2021 మార్చి 8న ఆ వడపోత నిజంగా మొదలైనప్పుడు ఏమైందో బ్యాంకుల్లో ఉన్నవారు మరచిపోలేరు. నమూనాలు సరిగా నమోదు కాని కారణంగా ఓటీపీలు రావడం ఆగిపోయింది. ఆనాడు మా కౌంటరు ముందు నిలబడ్డవారికి జవాబు చెప్పలేక చచ్చాం. దేశమంతా గగ్గోలెత్తితే, ట్రాయ్ వడపోతను ఏడు రోజులు వాయిదా వేసింది. తప్పు ఎక్కువగా మా వంటి సంస్థలదే, చాలాకాలం ముందే చెప్పినా మేము నమోదు పూర్తిచేసుకోలేదు. కాని మేము అరిస్తే వాయిదా దొరికింది. దసరా ఉత్తరం చేరలేదని తూర్పు భాగంలో ఒక అమ్మాయి అరిస్తే ఎవరు ఏం వాయిదా వేస్తారు?

ఇంతవరకూ చెప్పినవి ప్రభుత్వాల చట్టాలు. వాటికి గెజిట్టు ఉంది, అప్పీలు ఉంది, కోర్టు ఉంది. ఆ అమ్మాయిని దెబ్బతీసినవి అవి కావు. ఉత్తరాలు అందించే కంపెనీలే పెట్టుకున్న నియమాలు. గూగులు, యాహూ సంస్థలు 2023 అక్టోబరులో ప్రకటించి 2024 ఫిబ్రవరి నుంచి అమలుచేసినవి. ఉత్తరం నిజంగా ఆ పేరుగలవారి దగ్గరినుంచే వచ్చిందని రుజువు కావాలి. దానికి మూడు ఏర్పాట్లు - ఎస్.పి.ఎఫ్., డీకిమ్, డీమార్క్. మొదటిది నా ఉత్తరాలు మోసే హక్కు ఎవరికుందో చెప్పే జాబితా. రెండవది ముద్ర. మూడవది ముద్ర సరిపోకపోతే ఏం చేయాలో చెప్పే ఆదేశం. వీటిమీద నాకు అభ్యంతరం లేదు. మా బ్యాంకులో నమూనా సంతకం లేకుండా చెక్కు చెల్లించం. రిజర్వు బ్యాంకు కూడా బ్యాంకుల వెబ్‌సైట్లన్నీ 2025 అక్టోబరు 31 లోపు "బ్యాంక్ డాట్ ఇన్" అనే చిరునామాకు మారాలని ఆదేశించింది. నువ్వు ఎవరివని అడగడం అవమానం కాదు. ఆ అమ్మాయి కూడా ఒక కంప్యూటరు కుర్రవాడికి డబ్బిచ్చి ఆ మూడూ పెట్టించింది.

బాధ నాలుగో నియమంతో వచ్చింది. అందుకున్నవారు "ఇది స్పాము" అని మీట నొక్కితే అది ఫిర్యాదు కింద లెక్క. ఆ ఫిర్యాదులు ఎప్పుడూ 0.3 శాతం చేరకూడదు. పెద్ద కంపెనీ ఆరు లక్షల మందికి పంపితే దాదాపు పద్ధెనిమిది వందల మంది విసుక్కునే దాకా భయం లేదు. ఆరువందల మందికి పంపే ఈ అమ్మాయికి ఆ హద్దు దాదాపు ఒకటీ ముప్పాతిక మనిషి. ఒకరు నొక్కితే బతుకుతుంది, ఇద్దరు నొక్కితే హద్దు దాటినట్టే. శాతం ఇద్దరికీ సమానం, చూడడానికి ఎంతో న్యాయం! పోనీ తన శాతం ఎంతుందో చూసుకుందామంటే గూగులు వారు అందుకోసం పెట్టిన పలకలో తక్కువ ఉత్తరాలు పంపేవారికి అంకెలు కనిపించవు. తూకం వేస్తారు గాని ముల్లు చూపించరు.

ఇంకొకటి. చిన్నవారు సొంత యంత్రం పెట్టుకోలేరు, ఉత్తరాలు పంపిపెట్టే సంస్థ యంత్రాన్ని వందలాది మంది పంచుకుంటారు. అందులో ఒకడు దొంగ ఉత్తరాలు పంపితే ఆ యంత్రం పేరు చెడి, మిగతావారి ఉత్తరాలూ అనుమానానికి గురవుతాయి. మా మహిళా సంఘాల అప్పుల్లో కూడా ఉమ్మడి బాధ్యత ఉంది. ఒకరు కట్టకపోతే మిగతావారు కట్టాలి. కాని అక్కడ ఎవరితో కూర్చోవాలో సభ్యులే ఎంచుకుంటారు. ఇక్కడ పొరుగువాడి పేరు కూడా తెలియదు.

వీటన్నిటి వెనక నాకు కనిపించేది కామర్సు మొదటి ఏడాది పాఠమే. స్థిరవ్యయం, చరవ్యయం. తపాలా బిళ్ళ చరవ్యయం. ఎంత రాస్తే అంత, వెయ్యి రాసేవాడికి వెయ్యింతలు, రెండువందలు రాసే మా బాపుకు రెండువందలింతలు. ఇప్పటి నిబంధనల ఖర్చు స్థిరవ్యయం. ఆ కంప్యూటరు కుర్రవాడి కూలి, చట్టాలు చదివే తీరిక, పోస్టుబాక్సు అద్దె, అనుమతుల రికార్డు - ఆరు లక్షల ఉత్తరాలకైనా ఆరువందలకైనా రమారమి అంతే. అందువల్ల పెద్దవాడికి ఉత్తరానికి పైసా కూడా పడదు, చిన్నవాడికి లాభమే మింగేస్తుంది. ఇక అసలు దొంగకు ఏ ఖర్చూ లేదు, రోజుకో పేరు మారుస్తాడు. 2004లో దావోసులో బిల్ గేట్సు, రెండేళ్ళలో స్పాము సమస్య తీరిపోతుందని చెబుతూ, ఈమెయిలుకూ బిళ్ళ వంటి రుసుము పెట్టే ఆలోచన చెప్పాడు. రెండేళ్ళలో తీరనూ లేదు, బిళ్ళ రానూ లేదు. వస్తే పేదవాడికి భారమని అప్పట్లో నేనూ అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, బిళ్ళే పేదవాడి పక్షాన ఉండేదేమో.

ఇంత దూరం వచ్చాక ఆ అమ్మాయి పక్షాన తీర్పు చెప్పి ఊరుకోవచ్చు. అలా చెప్పనీయని మనిషి ఒకాయన ఉన్నాడు. మా శాఖలో పెన్షను తీసుకునే రిటైర్డు మాస్టారు. మా బ్యాంకు పేరుకు ఒక్క అక్షరం తేడాగా వచ్చిన ఈమెయిలును నమ్మి, కే.వై.సి. అని నింపమన్నవన్నీ నింపి, రెండు లక్షల నలభై వేలు పోగొట్టుకున్నారు. నా ఎదుట కుర్చీలో కూర్చుని, డబ్బు సంగతి వదిలి, "ముప్పై ఏళ్ళు పిల్లలకు చదవడం నేర్పినవాణ్ణి, నేనే చదువుకోలేకపోయాను బాబూ" అన్నారు. ఆ జాబు స్పాము అరలో పడివుంటే ఆయన దాన్ని చూసేవారే కారు. వడపోత సడలించండి అని నేను ఏ నోటితో అడగను?

కాబట్టి ప్రశ్న ఇలా మిగిలింది. మాస్టారిని కాపాడడానికి అమ్మాయి నష్టపోవాలా? పోవలసివస్తే, ఆ మాట ఆమెకు చెప్పనవసరం లేదా? నాకు మొదటి ప్రశ్నకు నిక్కచ్చి జవాబు లేదు. ఏ వడపోతలోనైనా నాలుగు మంచి గింజలు పోతాయి. రెండవదానికి ఉంది. శిక్ష వేసి, వేశానని చెప్పకపోవడం అన్యాయం. ఆమెకు తెరమీద "పంపబడింది" అనే కనిపించింది. నోటీసు లేదు, కారణం లేదు, వినేవాడు లేడు. రెండవ పక్షం మాట వినకుండా తీర్పు చెప్పరాదని బ్యాంకులో క్రమశిక్షణ విచారణలు నడిపే మాకు కూడా నేర్పుతారు. మేమేమీ పుణ్యాత్ములం కాము. స్కోరు చూసి అప్పు లేదని పంపినవారు ఎందరో! కాని అక్కడ అప్పుగోరినవాడు ఏడాదికి ఒకసారి తన పూర్తి నివేదిక ఉచితంగా అడగవచ్చు. తప్పుంటే ఫిర్యాదు చేయవచ్చు, ముప్పై రోజుల్లో సరిదిద్దకపోతే రోజుకు వంద రూపాయల పరిహారం ఉంది. వంద రూపాయలు పెద్ద మొత్తం కాదు. ఉత్తరాలు పంపేవాడి స్కోరుకు అదీ లేదు.

ఇక ఆ మీట నొక్కే ఇద్దరు ఎవరు? వారిని ఎక్కడో వెతకనక్కరలేదు. పుణెలో పాత పుస్తకాలమ్మే ఒకాయన ఉన్నాడు. అయిదారేళ్ళ కిందట ఆయన దుకాణానికి పోయి, తెలుగు పుస్తకాలు దొరికితే తెలియజేయమని నా చేతితోనే ఈమెయిలు చిరునామా రాసి ఇచ్చాను. ఆయన పాపం ప్రతినెలా జాబితా పంపేవాడు. ఒక రాత్రి ఆడిటు పని మధ్యలో విసుగుపుట్టి, ఆ జాబితా మీద "స్పాము" అని నొక్కాను. "ఇక పంపవద్దు" అనే దారి కిందనే ఉంది. దానిమీద నొక్కడానికి జంకాను. తెలియని లింకు ఏదీ నొక్కవద్దని ఖాతాదారులకు ఉపన్యాసాలిచ్చేది మేమే కదా! ఎదుటివాడికి ఏ హానీ చేయని మర్యాదైన దారి మూసి, అతని పేరు చెడగొట్టే దారి చూపినది మా భద్రతా పాఠమే. ఆయన జాబితా వందమందిదో రెండువందల మందిదో. నా ఒక్క వేలు ఆయన హద్దు దాటించి ఉంటుంది.

అమ్మాయి అప్పుకు కిస్తీల గడువు పొడిగించాం. ఆమె జాబితాలో ఏడాదిగా ఉత్తరం తెరవనివారి పేర్లన్నీ తీసేసింది. రెండువందల పది మిగిలాయి. తీసేస్తున్నప్పుడు చూశాను, అచ్చం మా బాపు చిట్టా. ఇప్పుడు ప్రతి పార్సెలులో ఒక చిన్న కాగితం పెడుతోంది, మా చిరునామా మీ పరిచయస్తుల పట్టికలో చేర్చుకోండని తెలుగులోనూ మరాఠీలోనూ. సంక్రాంతికి ఇరవై ఆరు ఆర్డర్లు వచ్చాయి.

పుణె ఆయనకు నేను ఉత్తరం రాశాను. మీ జాబితా మళ్ళీ పంపండి అని మాత్రమే రాశాను, జరిగింది చెప్పడానికి ముఖం చెల్లలేదు. నెల కావస్తోంది, జవాబు రాలేదు. నా ఉత్తరం ఆయన స్పాము అరలో పడిందో, ఆయన జవాబు నా అరలో పడుతుందో తెలియదు. పొద్దున్నే బ్యాంకుకు బయలుదేరేముందు ఆ అర ఒకసారి తెరిచి, వితంతువు ఆస్తినీ మోకాళ్ళ తైలాన్నీ పక్కకు జరిపి, అడుగుదాకా చూస్తున్నాను.